మట్టిరంగు బూట్లు

తాండూరు బండల కంపెనీలో గుమాస్తా దేవదానానికి తన మట్టిరంగు బూట్లంటే ప్రాణం. చీలమండ దాకా మెత్తటి తోలు, చప్పుడు చేయని అడుగు. రోజూ వికారాబాదులో రైలెక్కే ముందు జేబురుమాలుతో వాటిని కుక్కపిల్లను నిమిరినట్టు నిమురుతాడు. ఆ బూట్లు చూశాక తను ఎవరి కొడుకో ఎవరూ అడగరని అతని నమ్మకం. ఒక శనివారం అనంతగిరి కొండలు చూస్తామని ఇద్దరు తోటి గుమాస్తాలు వెంట వచ్చారు. వికారాబాదులో దిగుతుంటే కుడి బూటు అడుగు ఊడి నోరు తెరిచింది.

"గాడ ముసలోడు చెప్పులు కుడ్తున్నడు, పోదాం పా," అన్నాడు ఒకడు. స్టేషను ముందు కూర్చున్న ఆ ముసలివాడు దేవదానం తండ్రి మొగులప్ప. దేవదానం పరాయివాడిలా కాలు చాచాడు. మొగులప్ప ఒక్కసారి అతని ముఖం చూసి, తల దించుకుని తోలు కుట్టే ఆరె తీశాడు.

"తోలు లోపలి దిక్కు బయటికి పెట్టి కుట్టిండ్రు దొరా. నీళ్లు తగలనియ్యకుండ్రి."

"ముసలోనికి మస్తు ఎరుక," అని వాళ్లు నవ్వారు. దేవదానం కూడా నవ్వాడు.

సాయంత్రం ఇంటి గడప దగ్గర బూట్లు విప్పుతుంటే లోపలినుంచి తండ్రి అడిగాడు: "కుట్టు నిలిచిందారా?" దేవదానం బూటు తిప్పి ఆ కుట్టును వేలితో తడిమాడు.

ఇప్పటికీ అతను స్టేషను వెనక దారినే ఇంటికి పోతాడు. బూట్ల మడమలు అరిగిపోయాయి. ఆ కుట్టు మాత్రం ఊడలేదు.