ఎడమచేతి వైస్

పొద్దున పనికి కూర్చోబోయే ముందు శుభ్రమ్మ తన వైస్‌ను వాసన చూస్తుంది. బల్ల అంచుకు బిగించిన ఆ ఇనుప పనిముట్టు మీదకు వంగి, దాని దవడల దగ్గర ముక్కు పెట్టి, పాలు విరిగాయేమో చూసుకునే ఇల్లాలిలా ఒక్కసారి గాలి లోపలికి పీలుస్తుంది. ఏ వాసనా లేదని తేలాకే కుర్చీ ముందుకు జరుపుకుంటుంది. ఆ గదికి కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వరా మరి, ఇనుమును వాసన చూసే మనిషిని వాళ్లు ఎక్కడ చూసి ఉంటారు?

శుభ్రమ్మ అన్నది అసలు పేరు కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో, కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతుంటే చూసి భర్తగారి అక్క పెట్టిన పేరది. వేళాకోళానికి పెట్టింది కాస్తా స్థిరపడిపోయి, ఇప్పుడు కరెంటు మీటరు చూడటానికి వచ్చే మనిషి కూడా గుమ్మంలో నిలబడి అలాగే పిలుస్తున్నాడు.

ఆమె చేసేది ఈగలు కట్టే పని. నదికి దగ్గర్లో గాలాలూ వలలూ అమ్మే ఒక దుకాణం ఉంది. దాని మేడ మీద ఒకే కిటికీ ఉన్న గదిలో ఈ పని జరుగుతుంది. బియ్యపు గింజంత గాలానికి ఈకా, బొచ్చూ, పట్టుదారమూ చుట్టి, నీటి మీద వాలిన పురుగులా కనిపించేటట్టు చేయాలి. చేప దాన్ని చూసి మోసపోవాలి. ఇందులో రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి గాలాన్ని పట్టుకోవడానికి మూడో చెయ్యి ఒకటి కావాలి. ఆ మూడో చెయ్యే వైస్. వడ్రంగి బల్ల మీద ఉండే మొద్దు వైస్‌కు ఇది మనవరాలి వరస అవుతుంది. సన్నటి మెడ, పిట్ట ముక్కులాంటి రెండు దవడలు, వాటిని బిగించడానికి ఒక మీట, అంతే.

ఈ పనిలో రోత పుట్టించని వస్తువంటూ లేదు. కోడి మెడ తోళ్లకు కొవ్వు ఎండి అంటుకుని ఉంటుంది. కుందేలు ముఖం మీది బొచ్చు కత్తిరించి తీయాలి. దువ్వితే తెల్లటి పొడి రాలుతుంది. అది చుండ్రో, పురుగు గుడ్లో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఇక జిగురు వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. చేప ముక్క పళ్లెంలో కనిపిస్తేనే లేచి అవతలికి పోయే మనిషి ఈ పనిలో ఎలా కుదురుకుందా అని ఆమె భర్తకే ఆశ్చర్యం. ఆమె లెక్క ఆమెకుంది. ఇంత మురికిలోంచి చివరికి వచ్చే ఈగ మాత్రం అప్పుడే పుట్టినట్టు ఉంటుంది, దాని మీద ఎవరి చేతి జాడా కనిపించదు. ఆ ఒక్క క్షణం కోసం మిగతాదంతా ముక్కు బిగబట్టి భరిస్తుంది.

ఆమె భరించలేనిది వదినను.

వదిన అంటే ఆ పేరు పెట్టిన భర్తగారి అక్కే. మంచి మనిషి. ఆ మంచితనమే శుభ్రమ్మకు నోరెత్తడానికి వీలు లేకుండా చేసింది. ఇంట్లో కూర్చుని కుమిలిపోతున్న మరదల్ని చెయ్యి పట్టుకుని మేడ మెట్లెక్కించి, పని నేర్పించి, దుకాణం ఆయనతో మాట్లాడి కుదిర్చింది ఆవిడే. గదిలో వైస్ ఒక్కటే ఉండటంతో పొద్దున శుభ్రమ్మ, మధ్యాహ్నం నుంచి వదిన దాని ముందు కూర్చునేవాళ్లు. వదిన పల్లీలు నములుతూ కడుతుంది. దారానికి బొచ్చు అంటుకోవడానికి బొటనవేలు నాలుక మీద రాసుకుని మెలితిప్పుతుంది. ఈ పని చేసేవాళ్లలో చాలామంది చేసేదే అది, తప్పని ఎవరూ అనరు. కానీ మర్నాడు పొద్దున శుభ్రమ్మ వచ్చేసరికి వైస్ దవడల సందులో ఎండిన ఉమ్మీ, మైనమూ, నమిలిన పల్లీ తునకలూ కలిసి ఒక పసుపుపచ్చని పొరలా పేరుకుని ఉండేది. శుభ్రమ్మ దాన్ని సూదితో గీకి తీసేది. ఎంగిలి గ్లాసును కడుక్కోవచ్చు. ఎంగిలి ఇనుమును, అందులోనూ గాడుల్లోకి దిగిన ఎంగిలిని, ఏం పెట్టి కడుగుతారు? స్పిరిటు తెచ్చి తుడుద్దామంటే వదినకు ఆ వాసనతో తలనొప్పి వస్తుందట.

అలాంటి రోజుల్లో ఆ వైస్ దవడలు అరిగిపోయాయి. గాలం బిగిస్తే పక్కకు జారిపోవడం మొదలుపెట్టింది. దుకాణం ఆయన ఇద్దర్నీ పిలిచి, వెళ్లి ఒక కొత్త వైస్ ఎంచుకుని రమ్మన్నాడు. ఒక్కటే. కుడిచేతి వాటం వదినకూ, ఎడమచేతి వాటం శుభ్రమ్మకూ, ఇద్దరికీ పనికొచ్చేది చూసుకోమన్నాడు.

మళ్లీ ఇంకో పదేళ్లు అదే పసుపుపచ్చ పొర. బస్సులో వదిన పక్కన కూర్చున్నంతసేపూ శుభ్రమ్మకు అదే కళ్ల ముందు ఆడింది. దీనికన్నా పని మానేయడమే నయమనుకుంది. మానేస్తే ఇంట్లో ఆ నాలుగు గోడలే మిగులుతాయి. అదీ తెలుసు.

పనిముట్ల దుకాణంలో చూపించే కుర్రవాడికి జలుబు. ముంజేత్తో ముక్కు తుడుచుకుని, ఆ చేత్తోనే వైస్‌లు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. శుభ్రమ్మ రుమాలు చుట్టుకుని గానీ దేన్నీ తాకలేదు. మొదటిది తళతళలాడుతోంది. కుర్రవాడు దాని తలను బొంగరంలా తిప్పి చూపించాడు. శుభ్రమ్మ పెద్ద గాలం ఒకటి బిగించి, వేలితో కిందకు నొక్కితే అది మర్యాదగా వంగి దణ్ణం పెట్టింది. మెరుపు ఎక్కువ, పట్టు తక్కువ. రెండోదాని దవడలు మరీ లావు, చిన్న గాలం అందులో మునిగిపోయి వేళ్లు ఆడటానికి సందు దొరకలేదు. మూడోది బరువైన పీట మీద నిలబడేది. దాని తలను కుడికి కావాలంటే కుడికి, ఎడమకు కావాలంటే ఎడమకు తిప్పుకోవచ్చు. అందులో గాలం బిగించి గోటితో మీటితే వీణ తీగ మీటినట్టు మోగింది. గట్టిగా పట్టుకున్న వైస్‌లో గాలం మోగుతుంది, వదులైతే మూగబోతుంది. వాళ్లు పట్టును చూసేది అలాగే.

ఇది చాలు, ఇదే తీసుకుందాం అనడానికి శుభ్రమ్మ నోరు తెరిచింది కూడా. అంతలో వదిన ముందుకొచ్చి, బొటనవేలు నాలుక మీద రాసుకుని, దారం చుట్టి చూసింది. ఆమె చెయ్యి తీసేసరికి కొత్త దవడ మీద, దీపం వెలుగులో, సన్నగా తడి మెరిసింది. శుభ్రమ్మ కుర్రవాడి వైపు తిరిగింది.

"ఇంకేమున్నాయి?" అని అడిగింది.

కుర్రవాడు తుమ్మి, అడుగు అరలోంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి లాగాడు. ఎడమచేతి వాళ్ల కోసమే చేసిన వైస్ అది. తల ఎడమకే చూస్తుంది, ఇంకో వైపుకు తిరగదు. ఎవరూ కొనక ఎన్నాళ్లుగానో అలా పడుందన్నాడు. శుభ్రమ్మ గాలం బిగించి మీటింది. మోగింది. మూడోదానికన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు. వదిన కూడా చేయి పెట్టి చూసింది గానీ, మోచెయ్యి ఆనించుకోవడానికి చోటు లేదు, మీట అరచేతిలో గుచ్చుకుంటోంది. అది చూస్తూనే శుభ్రమ్మ, పట్టు దీనిదే బాగుంది, ఇదే ఇమ్మంది. కుర్రవాడు పెట్టె మీది దుమ్మును ఉఫ్‌మని ఊదాడు. ఆ దుమ్ము ఆమె మొహాన్నే పడింది.

తిరుగు బస్సులో ఆ పెట్టె శుభ్రమ్మ ఒళ్లో ఉంది.

"మూడోది బాగుంది కదా అమ్మాయ్," అంది వదిన, కిటికీలోంచి చూస్తూ.

"దానికి పట్టు చాలదు వదినా."

"పట్టుకేం, మొసలిలా పట్టుకుంది. నేను ముట్టుకోకూడదు, అంతేగా. ఆ ముక్క ఇంట్లోనే చెప్పుంటే నాకీ బస్సు కుదుపులైనా తప్పేవి."

శుభ్రమ్మ పెట్టె అంచుల్ని రుమాలుతో తుడుస్తూ కూర్చుంది. కాసేపటికి వదిన, అలవాటు కొద్దీ, అరచేతిలో పల్లీలు పోసుకుని ఆమె ముందు చాపింది. తీసుకుంటే బాగుండునని శుభ్రమ్మకు తెలుసు. ఆ అరచేతి చెమట చూశాక చెయ్యి కదల్లేదు. వద్దంది.

దుకాణం ఆయన అడిగితే వదిన చాడీలు చెప్పలేదు. "బాగానే ఉంది బాబాయ్. నాకు పాతదే అలవాటు," అని ఊరుకుంది. అరిగిన దవడల మధ్య రేకుముక్క దోపి, బల్ల రెండో చివర ఆ పాత వైస్‌తోనే నెట్టుకొచ్చింది. వైస్‌లు రెండయ్యాక ఇద్దరూ ఒకే వేళకు కూర్చునేవాళ్లు. గాలం జారి బొటనవేల్లో దిగేది. వదిన వేలు నోట్లో పెట్టుకుని రక్తం పీల్చి, ఆ వేలితోనే మళ్లీ దారం అందుకునేది. శుభ్రమ్మ అటు చూడకుండా తల తిప్పుకునేది. ఆ ఏవగింపులో వదిన వాటా ఎంతో, తన వాటా ఎంతో ఆమెకే తెలిసేది కాదు.

ఇటు తన వైస్ మాత్రం అద్దంలా ఉండేది. వదినకు తలనొప్పి వస్తే రానీ, బల్ల ఈ చివర తనదేగా అని స్పిరిటు సీసా తెచ్చి పెట్టుకుంది. ఒక్కో ఈగ మొదలుపెట్టే ముందు దవడలూ, వేళ్లూ తుడుచుకునేది. ఇంకొకరి చెయ్యి పడని వస్తువంటూ పుట్టి బుద్ధెరిగాక ఆమెకు దొరికింది అదొక్కటే.

కొన్నాళ్లకు పళ్ల డాక్టరు మేడ ఎక్కి వచ్చాడు. సెలవు రోజుల్లో నదిలో మోకాళ్ల లోతున నిలబడి గాలం వేసే మనిషి. దుకాణానికి పాత ఖాతాదారు. జేబులోంచి రెండు పొట్లాలు తీసి బల్ల మీద కుమ్మరించాడు. ఒక కుప్పలో ఈగలు చేపలు కొరికి చింపిరి చింపిరిగా ఉన్నాయి. రెండో కుప్పలోవి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. చేప పైకి వస్తోంది, నోరు దగ్గరకు తెస్తోంది, ఛీ అన్నట్టు వెనక్కి మళ్లుతోంది అన్నాడు. తర్వాత ఆ రెండో కుప్పలోంచి ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పొద్దస్తమానం నేను పీల్చే వాసనే అమ్మా ఇది. మా క్లినిక్కు మనుషులే రావడానికి ఏడుస్తారు. చేపలెందుకొస్తాయి?"

దుకాణం ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండో కుప్పలోని ఈగలను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. కుడిచేతి వాళ్లు చుట్టిన దారం ఒక వైపుకు తిరిగి ఉంటుంది, ఎడమచేతి వాళ్లది దానికి ఎదురు. ఇంకెవర్నీ అడగక్కర్లేకపోయింది. ఆ కుప్పలో దారమంతా ఎదురుగానే తిరిగి ఉంది.

శుభ్రమ్మ మొహం మాడిపోయింది. బురదలో పొర్లి, బురదే తిని బతికే జంతువు. అది తన చేతి పనిని వాసన చూసి అసహ్యపడి మొహం తిప్పుకుంది. పళ్లెంలో చేపను చూసి తను తిప్పుకున్నట్టే.

దుకాణం ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఆ వైస్ రేపే వెనక్కి పంపి ఇద్దరికీ పనికొచ్చేది తెప్పిస్తాననీ, మునుపటిలా ఒక్కదాని మీదే ఇద్దరూ పని చేయాలనీ, ఇష్టం లేనివాళ్లు మెట్లు దిగి వెళ్లొచ్చనీ తేల్చి చెప్పాడు. శుభ్రమ్మ మెట్ల వైపు చూసింది. దిగడానికి లేచి నిలబడింది కూడా.

"వైస్ ఏం చేసింది బాబాయ్," అంది వదిన, నములుతున్నది ఆపకుండా. "సీసా పారేస్తే పోయేదానికి."

మరి డబ్బా నిండా కట్టి ఉంచిన ఈగల సంగతేమిటని ఆయన అడిగాడు. పళ్ల డాక్టరు కొంచెం మొహమాటపడుతూ, తనకు అలవాటు లేదు గానీ నదిలో కొందరు చేసే పని చెప్పాడు. కొత్త ఈగ నీళ్లలో వేసే ముందు దానికి మనిషి వాసనా, మందు వాసనా పోవడానికి కాస్త బురదా, కాస్త ఉమ్మీ రాస్తారట. శుభ్రమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వదిన మాత్రం డబ్బా తన ముందుకు లాక్కుంది. నది ఒడ్డు నుంచి తెప్పించిన మట్టి ఒక మూతలో కలుపుకుని, మధ్యాహ్నమంతా బొటనవేలు నాలుక మీద రాసుకుంటూ, మరదలు కట్టిన ఈగల్ని ఒక్కొక్కటే పులిమింది. అప్పుడే పుట్టినట్టున్న ఈగలు ఒకదాని తర్వాత ఒకటి పుట్టి చచ్చినట్టయ్యాయి. శుభ్రమ్మ లేచి పోలేదు. ఏ ఈగకీ ఈకలు విరక్కుండా, మెడ దగ్గర ముడి వదులు కాకుండా ఆవిడ ఎంత మెత్తగా రాస్తోందో చూస్తూ చివరిదాకా కూర్చుంది.

తర్వాతి వారం పళ్ల డాక్టరు చింపిరి ఈగల్నే తెచ్చి చూపించాడు. దారం ఎదురు తిరిగినవి.

శుభ్రమ్మ స్పిరిటు సీసా తీసుకెళ్లి మోరీలో ఒంపేసింది. తర్వాత దుకాణం ఆయన దగ్గరకు వెళ్లి, వదినకు ఒక వైస్ కావాలనీ, దాని ఖరీదు తన కూలిలో పట్టుకోమనీ అడిగింది. ఈసారి బస్సులో ఒక్కతే వెళ్లింది. కుర్రవాడి జలుబు ఇంకా తగ్గలేదు. కుడిచేతి వాటం వైస్‌లన్నీ బల్ల మీద పెట్టించి, అలవాటు లేని కుడిచేత్తో, వదిన కూర్చునేటట్టు కూర్చుని, మోచెయ్యి ఆనించి, ఒక్కొక్కదాన్నీ బిగించి మీటి చూసింది. మోగినవాటిలోంచి దవడల మీద గాడులు లేని నునుపైనదాన్ని ఎంచింది. ఉమ్మి నిలవదు, ఒక్క తుడుపుకు పోతుంది.

వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలు నాలుక మీద రాసుకుని దవడను నిమిరింది.

"నున్నగా ఉందే. తుడుచుకోవడం నీకు తేలికని తెచ్చావా?"

"మీకోసమే తెచ్చాను వదినా."

"ఆఁ, తెలుస్తూనే ఉంది," అని వదిన నవ్వింది. నవ్వులో నాలుగు పల్లీ తునకలు ఎగిరి బల్ల ఇవతలి చివరకు వచ్చి పడ్డాయి.

ఇప్పుడు ఆ బల్లకు ఎదురెదురుగా రెండు వైస్‌లు ఉన్నాయి, ఒకటి కుడికి చూసేది, ఒకటి ఎడమకు. శుభ్రమ్మ తనదాన్ని వేడినీళ్లలో పిండిన బట్టతో తుడుస్తుంది. సాయంత్రం వదిన వెళ్లాక రెండోదాన్నీ తుడుస్తుంది. ఇద్దరూ కట్టిన ఈగలు ఒకే డబ్బాలోకి వెళ్తాయి. మట్టి రాసి డబ్బాలో సర్దేది వదిన. ఆ కాసేపూ శుభ్రమ్మ కిటికీ దగ్గర నిలబడుతుంది.