ఎడమ మార్జిన్ తెగింది

ఆ మంగళవారం సాయంత్రం క్లాసులో పంచిన కాగితాల్లో ప్రతి వాక్యమూ మధ్యలోంచి మొదలైంది. మొదటి పంక్తిలో మొదటి మాటలు లేవు. రెండో పంక్తిలోనూ లేవు. నాకు భయం వేయలేదు, చిరాకు వేసింది. బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి, నాకు కనబడిన అంచు వెంబడి పైనుంచి కిందికి ఒక గీత గీశాను. పక్కన ఇంగ్లీషులో ‘లెఫ్ట్ మార్జిన్ కట్, మళ్ళీ ప్రింట్ చేయగలరు’ అని రాసి, వెళ్ళేటప్పుడు ట్యూటర్ బల్ల మీది ట్రేలో పెట్టి ఇంటికొచ్చాను.

ఆ పని ఎందుకు చేశానో చెప్పాలంటే పాత సంగతి చెప్పాలి. పంతొమ్మిదో ఏట, డిగ్రీ రెండో సంవత్సరం మధ్యలో, విజయవాడలో ఒక తెలుగు దినపత్రికలో ప్రూఫ్ రీడర్‌గా చేరాను. ఉద్యోగం ముందు, పరీక్షలు తర్వాత అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. పదమూడేళ్ళు పనిచేసి సబ్ ఎడిటర్ దాకా వచ్చాను. నేను చేరిన కొత్తలో వార్తలు అచ్చైన ఫోటో కాగితాలను, అంటే బ్రోమైడ్లను, బ్లేడుతో కోసి పేజీ మీద అతికించేవారు. బ్లేడు కాస్త జరిగితే కాలమ్‌కు ఎడమవైపు అక్షరాలు ఎగిరిపోయేవి. పేజీ రాగానే ముందు ఎడమ అంచు చూడాలన్నది నాకు నేర్పిన మొదటి పాఠం. ఇన్నేళ్ళ తర్వాత కూడా అక్షరం కనబడకపోతే నా అనుమానం బ్లేడు మీదికే పోతుంది. నా మీదికి రాదు.

మరునాడు ఫోన్‌లో తెలుగు పేపరు తెరిస్తే అక్కడా హెడ్డింగుల మొదళ్ళు లేవు. లేఔట్ మార్చి పాడుచేశారనుకున్నాను. అలా ఒక్క రోజు తేడాలో రెండు చోట్ల తప్పు పట్టాను. కొంచెం తలనొప్పి ఉంది. క్లాసు చదువు ఎక్కువైందనుకున్నాను. అంతకు ముందు రెండు వారాలుగా బస్‌స్టాప్ దగ్గరి వంతెన మెట్లు ఎక్కుతుంటే గుండె పట్టు తప్పినట్టు టకటకా కొట్టుకునేది. దాన్నీ పరీక్షల భయం ఖాతాలోనే వేశాను.

మేము సింగపూరు వచ్చి పద్నాలుగేళ్ళయింది. మా ఆయన బ్యాంకులో ఐటీ పని చేస్తారు. అమ్మాయి నిత్య పాలిటెక్నిక్‌లో చదువుతోంది. క్లెమెంటిలో మా బ్లాకు కింద నేను ఎక్కే బస్సు విశ్వవిద్యాలయం మీదుగా పోతుంది. ఆ స్టాప్ రాగానే బస్సు సగం ఖాళీ అవుతుంది. పిల్లలు దిగుతారు, ఇడ్లీ తిన్నారో లేదో తెలియని మన పిల్లలూ దిగుతారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, భుజాన బరువు. తలుపులు మూసుకుంటాయి. నేను కూరగాయలకు ముందుకు పోతాను. పద్నాలుగేళ్ళు ఆ తలుపులు మూసుకోవడం చూశాను. ఏ ఫారమ్ ఇచ్చినా విద్యార్హత దగ్గర చిన్న అడ్డగీత పెట్టి తర్వాతి గడికి పోవడం నాకు అలవాటు.

నలభై ఆరో ఏట ఆ స్టాపులో దిగాను. డిగ్రీ లేని పెద్దవాళ్ళు చేరడానికి ఆరు నెలల యాక్సెస్ కోర్సు ఉంది. మూడు పేపర్లు పాసైతే పార్ట్‌టైమ్ డిగ్రీలో సీటు ఇస్తారు. ఒక పేపరు పోతే ఇంకొక్కసారి రాయనిస్తారు. అదీ పోతే అంతే. క్లాసులో టాక్సీ నడిపే ఆయన ఉన్నాడు, ఇద్దరు నర్సులు ఉన్నారు. అందరికంటే ముందు వచ్చి కూర్చునేది నేనే. ఆ జబ్బు రోజు వచ్చేసరికి నాలుగో నెల నడుస్తోంది.

గురువారం క్లాసులో ట్యూటర్ మిస్ లిమ్ నా కాగితం తిరిగి ఇచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడుతుంది. మిగతా కాపీలతో పోల్చి చూశాననీ, కాగితంలో ఏమీ తెగలేదనీ చెప్పింది. నేను ఒప్పుకోలేదు. ఆమె నా పక్కన వంగి కాగితాన్ని మెల్లగా కుడివైపు జరిపింది. తప్పిపోయిన మాటలు ఒక్కొక్కటే పైకి తేలాయి. నేను గీసిన ఎర్ర గీత అంచున లేదు. నిండుగా ఉన్న పేజీని నడిమధ్య కోసుకుంటూ, వాక్యాల మీదుగా పోయింది.

ఆమె ఫోన్ తీసింది. అంబులెన్స్ పిలిచింది.

ఎమర్జెన్సీలో సిటీ స్కాన్, మర్నాడు ఎంఆర్ఐ. ఈసీజీ తీశారు. ఒక గిన్నెలాంటి యంత్రంలో గడ్డం పెట్టించి, దీపపు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అది విజువల్ ఫీల్డ్ టెస్ట్. ఫలితం కాగితం మీద రెండు గుండ్రాలు, రెంటిలోనూ ఎడమ సగం నలుపు. డాక్టరు కుర్రవాడే. నేను వచ్చిన రాత్రే, ఎప్పుడు మొదలైందని అడిగాడు. మంగళవారం ఏడు గంటలకు అన్నాను.

“ఇవాళ గురువారం,” అన్నాడు.

పరీక్షలన్నీ అయ్యాక నిదానంగా చెప్పాడు. కళ్ళు బాగున్నాయి. చూసింది అర్థం చేసుకునేది మెదడు వెనక భాగం. అక్కడ కుడివైపు ఒక రక్తనాళం మూసుకుంది. స్ట్రోక్. అందుకే ఏ కంటితో చూసినా ఎడమ సగం ఉండదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి కొద్ది గంటల్లోనే ఇవ్వాలి. ఆ గంటల్లో నేను ట్రేలో కాగితం పెట్టి, బస్సెక్కి, ఇంట్లో చారు కాచుకున్నాను.

ఛాతీకి హోల్టర్ కట్టి గుండె లయ రాశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు, గుండె లయ తప్పి కొట్టుకోవడం; అలా గుండెలో కట్టిన గడ్డే మెదడుకు పోయి ఉంటుందన్నారు. వంతెన మెట్ల మీద గుండె కొట్టుకున్నది పరీక్షల భయం కాదన్నమాట. రక్తం పలచబడే మందు మొదలుపెట్టారు. ఒక్క పూట కూడా మానొద్దన్నారు.

చూపు తిరిగి వస్తుందా అని అడిగాను.

“మొదటి కొన్ని నెలల్లో కొంత రావచ్చు,” అన్నాడు డాక్టరు. “రాని దాంతో ఎలా బతకాలో నేర్పుతాం.”

ఇంటికి వచ్చాక ఎడమవైపు ప్రపంచం నన్ను కొడుతూనే ఉంది. తలుపు అంచులు, కుర్చీలు, ఎంఆర్టీ రైల్లో మనుషులు. ఒక రోజు అన్నం దగ్గర గోంగూర వేయలేదేమండీ అని మా ఆయన్ని అడిగాను.

“వేశానుగా. కంచం తిప్పు,” అన్నారు.

తిప్పితే ఉంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏం కనబడకపోయినా ఆ మాటే. నిత్య తాళాలు వెతుక్కుంటున్నా ఆయన కంచం తిప్పు అంటారు.

రెండు నెలలకు చూపు కొంచెం జరిగింది, ఆగింది. కోర్సు తర్వాతి బ్యాచ్‌కి వాయిదా వేయించుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ మధ్యాహ్నం రెండయ్యేసరికి ఒళ్ళు సోలిపోయేది. ఒక పేజీ చదవడానికి అరగంట. పంక్తి చివరికి వెళ్ళాక తర్వాతి పంక్తి మొదలు ఎక్కడుందో దొరికేది కాదు. ఒక రోజు పుస్తకం మూసేయడం చూసి మా ఆయన మెల్లగా అన్నారు.

“ఇంక చాల్లే. ఈ వయసులో డిగ్రీ ఎవరికి చూపించాలి?”

“చూపించడానికి కాదండీ. నాకు కావాలి.”

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మరునాటి నుంచి బస్‌స్టాప్ దాకా నా ఎడమవైపు నడవడం మొదలుపెట్టారు.

కొత్త బ్యాచ్‌లో మళ్ళీ మొదటి నుంచి చదివాను. ట్యూటర్ మారలేదు. ఆరోగ్యం ఎలా ఉందని మిస్ లిమ్ అడిగితే అంతా బాగుందన్నాను. ఇబ్బందులుంటే రాయమని ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఫారమ్‌లోనూ అడ్డగీత పెట్టాను. సగం చూపున్న మనిషికి సీటెందుకంటారేమోనని నా భయం. పదమూడేళ్ళు ఒకరి తప్పులు దిద్దిన మనిషిని, నా తప్పును ఎవరికీ కనబడనివ్వకూడదనే పట్టుదల కూడా ఉందేమో.

మూడు పేపర్లు రాశాను. రెండు పాస్. ఇంగ్లీషు రీడింగ్, రైటింగ్ పోయింది. పదమూడేళ్ళు నాకు అన్నం పెట్టిన పని అదే, వేరే భాషలో.

మిస్ లిమ్ పిలిచి నా జవాబు పుస్తకం ముందు పెట్టింది. ప్రశ్నల బుక్‌లెట్ తెరిస్తే రెండు పేజీలు పక్కపక్కన వస్తాయి. కుడి పేజీల్లోని ప్రశ్నలన్నిటికీ జవాబులున్నాయి. ఎడమ పేజీల్లోని ఒక్కదానికీ లేదు. టైమ్ చాలకపోతుందన్న కంగారులో నేను కంచం తిప్పలేదు.

“నాకు గుర్తుంది ఆ ఎర్ర గీత,” అంది. “ఆఫీసుకు ఎందుకు చెప్పలేదు?”

రానివ్వరేమో అనుకున్నానన్నాను.

“మార్కులు అడగొద్దు. టైమ్ అడగండి. దానికి డాక్టరు ఉత్తరం చాలు.”

ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే విశ్వవిద్యాలయం స్టాపులో పిల్లలు ఎక్కారు. ఒకమ్మాయి ఒళ్ళో పుస్తకం తెరిచి, వేలు పెట్టకుండా, స్కేలు పెట్టకుండా, పేజీ తర్వాత పేజీ తిప్పేస్తోంది. నా స్టాప్ దాటిపోయిందని రెండు స్టాపుల తర్వాత తెలిసింది.

ఉత్తరానికి ఆసుపత్రికి వెళితే డాక్టరు నన్ను రోజువారీ పనులు తిరిగి నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి మళ్ళీ పంపాడు. సల్మా అని మలయ్ ఆవిడ. మొదట్లో ఆమె చెప్పిన వ్యాయామాలు సగంలో వదిలేసి వచ్చింది నేనే. నేను చదువుతుంటే కాసేపు చూసి, ఎర్ర మార్కర్ తీసి, పేజీకి అసలు ఎడమ అంచున పైనుంచి కిందికి మందంగా గీత గీసింది.

“ప్రతి పంక్తికీ ముందు ఈ ఎరుపు దాకా రావాలి, ఆంటీ. ఎరుపు కనబడకపోతే మీరింకా ఎడమకు రాలేదని అర్థం. దీన్ని యాంకర్ లైన్ అంటాం.”

నాకు నవ్వొచ్చింది, ఆమెకు కారణం చెప్పాను. విజయవాడలో మా హెడ్ ప్రూఫ్ రీడర్ స్టీలు స్కేలును ఎడమ అంచున నిలబెట్టి, ముందు మొదటి అక్షరాలన్నీ పైనుంచి కిందికి చూసేవాడు. ఆ తర్వాతే వార్త చదివేవాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు చేతికొచ్చిన పని అది. అప్పుడు పేజీని కాపాడటానికి, ఇప్పుడు నన్ను.

మూడు నెలలు రోజూ చదివాను. ముందు పిల్లల కథలు, తర్వాత వార్తలు, తర్వాత పాత ప్రశ్నపత్రాలు. నిత్య పేజీలకు ఎర్ర గీతలు గీసిపెట్టేది. ఒకరోజు విసుక్కుని పెన్ను పక్కన పడేశాను.

“అమ్మా, ఒక్క పేజీ ఓన్లీ లా. తర్వాత మకాన్,” అంది. ‘లా’ ఇక్కడి పిల్లల ఊతపదం, మకాన్ అంటే తిండి. చదివాను.

చివరి అవకాశం రోజున నాకు గంట ఎక్కువ ఇచ్చారు. ప్రశ్నలను ఒకవైపే ముద్రించి విడి కాగితాలుగా ఇచ్చారు. హాల్లోకి ఎర్ర పెన్ను తెచ్చుకోవచ్చా అని ముందే రాసి అడిగాను, సరేనన్నారు. మొదటి పది నిమిషాలు ఒక్క ప్రశ్నా చదవలేదు. ప్రతి కాగితానికీ అంచు గీశాను.

పాసయ్యాను. గొప్ప మార్కులేం కావు.

ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు డిగ్రీ క్లాసులకు వెళ్తున్నాను. ఈ వేగంతో అయితే పూర్తయ్యేసరికి యాభై దాటతాను. బస్సు ఆ స్టాపులో ఆగినప్పుడు పిల్లలతో పాటు దిగుతాను, ఎడమవైపు తల తిప్పి చూసి, అందరి కంటే చివర. హాల్లో నాకు ఎడమ కొసన గోడ పక్క సీటు కావాలి, అప్పుడే బోర్డూ మనుషులూ నా కుడివైపు పడి నాకు దక్కుతారు. హాకర్ సెంటర్ అనే ఇక్కడి తిండి అంగళ్ళలో టేబుల్‌ను టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసినట్టే, అంటే పట్టుకున్నట్టే, ముందే వెళ్ళి ఆ సీటు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి కాఫీకి వెళ్తాను. ఎవరూ తీయరు.

నల్లటి సగం అలాగే ఉంది. మందు రెండు పూటలా వేసుకుంటాను. ఫారమ్‌లలో విద్యార్హత దగ్గర అడ్డగీత ఇంకా పెడుతూనే ఉన్నాను, ఇప్పుడు పెన్ను కాసేపు ఆ గడి మీద ఆగుతుంది. బస్సులో చూసిన ఆ అమ్మాయిలా వేలు పెట్టకుండా ఒక్క పేజీ చదవాలని ఉంటుంది. మంగళవారం ఏడు గంటలకే ఆసుపత్రికి వెళ్ళి ఉంటే చదివేదాన్నేమో. ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

మిస్ లిమ్ తిరిగి ఇచ్చిన కాగితం నా దగ్గరే ఉంది. మధ్యలో ఎర్ర గీతతో, ఏ తప్పూ లేకుండా.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఉన్నట్టుండి పేజీలో అక్షరాలు కనబడకపోతే, వెంటనే ఆ పేజీని పక్కవాళ్ళకు చూపించండి. వాళ్ళకు అన్నీ కనబడుతుంటే ఆ నిమిషమే అంబులెన్స్ పిలవండి, నొప్పి లేదని ఆగకండి. ఎర్ర పెన్ను తర్వాత తీయవచ్చు.