పెనుకొండలో ఎక్కని ఎక్స్‌ప్రెస్

“దిగు, ఆ బండెక్కుదాం. అది ముందు పోతాది.”

“మన చేతిలో ఉండేది ప్యాసింజర్ టికెట్టు. టీసీ పట్టుకుంటే ఏం చెప్తావు?”

“గుడ్డోన్నని చెప్తా. వాడన్నా నమ్ముతాడు, నువ్వు నమ్మవు గానీ.”

పెనుకొండ స్టేషన్లో మా బండి ఆగి చాలాసేపయింది. తొంభైల్లో ఆ దారంతా ఒకటే లైను. వెనక వచ్చిన ఎక్స్‌ప్రెస్‌ను ముందు పంపాలని మమ్మల్ని పక్కన నిలబెట్టారు. మాతో ధర్మవరంలో ఎక్కినవాళ్లు సగం మంది మూటలతో దిగి దాంట్లోకి ఎక్కేశారు. మా ఆయన కమ్మీ పట్టుకుని లేచాడు. నేను పంచె కొంగు పట్టి కూర్చోబెట్టాను.

ఆయనకు పట్టుచీరల నేత తప్ప ఇంకో పని రాదు. రెండు కళ్లకూ పొర కమ్మినా చేతి అలవాటుతో నేస్తూనే ఉన్నాడు. హిందూపురంలో ఒక బడిలో ఉచితంగా కంటి ఆపరేషన్లకు పేర్లు రాసుకుంటున్నారు, మూడు రోజులే. మొదటి రోజే పొమ్మన్నాడు పెద్దకొడుకు. నేనే వద్దన్నాను. మూడో రోజు అమావాస్య. ఆ రోజు మా వీధిలో ఎవరూ మగ్గం నేయరు. పని చెడకుండా పోయి రావచ్చు కదా అనుకున్నాను.

ఎక్స్‌ప్రెస్ వెళ్లిపోయింది. ఇంక మనదే అనుకుంటే, ఎదురుగా గూడ్సు వస్తోందన్నారు. అది పోయాక ఇంకోటన్నారు. దిగి స్టేషన్ మాస్టరును అడిగాను. ఆయన కసురుకోలేదు, తన చేతిలో ఏమీ లేదన్నాడు, అంతే. నేను చదివింది మూడో తరగతి. గోడ గడియారం చూడటం వచ్చు. ఆ పూట అది కూడా రాకపోతే బాగుండుననిపించింది. టైమెంతైందని మా ఆయన అడిగితే ఒక గంట తగ్గించి చెప్పాను.

మేము బడి చేరేసరికి వరండాలో బల్లలు ఎత్తేస్తున్నారు. పేర్లు రాసుకునే అమ్మాయి, లిస్టు డాక్టర్లకు ఇచ్చేశామంది. నేను ఎన్నడూ ఎవరినీ బతిమాలినదాన్ని కాదు. ఆ పిల్ల చేతులు రెండూ పట్టుకుని అడిగాను. మళ్లీ ఎప్పుడు పెడతారంటే తెలియదంది. వదలకుండా అట్లే నిలబడ్డాను.

“ఆ బిడ్డేం చేస్తాది,” అన్నాడు మా ఆయన. “రా, పోదాం.”

మరుసటి రోజు పొద్దున ఆయన తడుముకుంటూ మగ్గం గుంతలో దిగబోయాడు. పెద్దకొడుకు చేయి పట్టి ఆపి, “నువ్వుండు నాయనా” అని తాను దిగి కూర్చున్నాడు.