మొదటి డికాషన్ దిగేదాకా

మంచి కాఫీ పెట్టడం నాకు వచ్చు. పొడి బళ్ళారి నుంచి తెప్పిస్తాం, చికోరీ తక్కువ. పాలు మా బర్రెవే. చిక్కల్లా నీళ్ళతోనే. విడపనకల్లు దగ్గర మా ఊళ్ళో బోరు నీళ్ళకు బిందె లోపల సున్నం పొరలు పొరలుగా కడుతుంది. ఫిల్టరు రంధ్రాలు మూసుకుపోతే స్టవ్ మంట మీద కాల్చి, పిన్నీసుతో పొడవాలి. మా వైపు ఇది కూడా కాఫీ పెట్టడంలో భాగమే.

ఇంకొకటి కూడా భాగమే. మొదట దిగిన చిక్కటి డికాషన్ కావలసినవాళ్ళకి. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే పలుచటి రెండోది మిగతావాళ్ళకి. పైకి ఎవరూ చెప్పరు, తాగినవాళ్ళకు తెలుస్తుంది. నేను కాపురానికి రాకముందు, పంచాయతీ ఎన్నికల రోజుల్లో, మా అత్త పక్క చేను ఆసామికి రెండోది ఇచ్చిందట. ఆయన సగం తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళు మా గడప తొక్కలేదు. ఒక గ్లాసు కాఫీకి ఆరేళ్ళంటే కాస్త ఎక్కువే. కానీ అవమానం ఆయనది, కొలత కూడా ఆయనదే.

నిరుడు ఎండల్లో మా చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, బోరు ఎండిపోయింది. రెండు వందల చెట్లు, కాపుకొచ్చినవి. మా ఆయన పొద్దస్తమానం ట్యాంకరుతో తోలినా చెట్టుకు బిందెడు నీళ్ళు అందేవి కావు. ఆకులు ముడుచుకున్నాయి. ఆ చెట్లు పోతే మాకు ఇంకేమీ లేదు. అవతల మా ఇంకో చేలో కొత్తగా వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి గానీ, అక్కణ్ణుంచి తోటకు పైపు రావాలంటే ఆ ఆసామి చేలోంచే రావాలి. మా మామ వెళ్ళి అడిగితే, రేపు పొద్దున ఎనిమిదికి ఇంటికే వచ్చి మాట్లాడతానన్నాడు.

"నువ్వే పెట్టు కాపీ," అంది అత్త. "నా చేత్తో ఇస్తే ఆయప్పకు మళ్ళా అదే గ్యాపకమొస్తాది."

నేను జాగ్రత్తపడ్డాను. చేసిన తప్పు అదే. చిక్కగా రావాలని రోజూ కంటే ఎక్కువ పొడి వేసి, ఫిల్టరులోని రంధ్రాల బిళ్ళతో గట్టిగా అదిమి, మరిగే నీళ్ళు పోసి మూత పెట్టాను. ఆ హడావిడిలో ఫిల్టరు కాల్చడం మరిచిపోయాను. ఆయన ఏడుకే వచ్చాడు. కింది గిన్నె తీసి చూస్తే అడుగున ఒక్క చుక్క.

బయట అరుగు మీద మా మామ "ఎండలు ఎక్కువైనాయి" అన్నాడు. ఆసామి "ఊ" అన్నాడు.

లోపల అత్త నా చెవి దగ్గరకు వచ్చింది. "తెల్లారి మనం తాగినదాంట్లో రెండోది ఉండాది కదా. పాలు చిక్కంగా పోసి, చక్కెర ఎక్కువెయ్యి. ఎవురికి తెలుస్తాది?"

నాకు ఒళ్ళు మండింది. "పోయినసారి తెలిసింది కదత్తా," అన్నాను.

ఫిల్టరు అట్లాగే పట్టుకుని బయటికి వెళ్ళాను. ఆసామి ముందు అరుగు మీద పెట్టి, ఆయనతోనే అన్నాను. "ఇంకా దిగలేదు మామా. నేనే పొడి గట్టిగా అదిమినా. రోంతసేపు కూచ్చుంటే మొదటిదే ఇస్తా. పోవాలంటే మజ్జిగ తెస్తా."

ఆయన నన్ను చూశాడు, ఫిల్టరును చూశాడు. "కూచ్చుంటా," అన్నాడు.

ఇద్దరు పెద్దమనుషులు స్టీలు ఫిల్టరును మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఆసామి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూత తీసి, బిళ్ళను కొంచెం పైకి లాగాడు. లోపల చుక్క పడిన చప్పుడైంది.

"ఏం నీళ్ళప్పా ఇవి?"

"బోరువే," అన్నాడు మామ.

"అందుకే. కొత్త బోరు నీళ్ళు కూడా ఇంతేనా?"

"అవి రోంత మేలు."

ఎన్ని అడుగులకు పడ్డాయని ఆయన అడిగాడు. మామ చెప్పాడు. మోటారు ఎంతదని అడిగాడు. అదీ చెప్పాడు. డికాషన్ దిగడానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ నీళ్ళ గురించే మాట్లాడుకున్నారు.

పాలు మళ్ళీ కాచి కాఫీ కలిపి ఇచ్చాను. ఆయన చివరిదాకా తాగాడు. ఖాళీ గ్లాసు చేతిలోనే పెట్టుకుని, వాకిలి వైపు చూస్తూ అన్నాడు: "ఆపొద్దు కూడా రోంతసేపు కూచ్చోమని అనింటే కూచ్చుంటాంటి."

తలుపు చాటు నుంచి అత్త బయటికి వచ్చింది. ఆరేళ్ళలో ఆయనకు ఎదురుపడడం అదే మొదలు. "ఇంటినిండా జనమన్నా. అయినా నీతో చెప్పాల్సింది. చెప్పలేకపోతి. తప్పే."

ఆయన తల ఊపాడు. "పైపు ఎప్పుడేస్తారు?" అని మామను అడిగాడు.

మామ అత్త వైపు చూశాడు. "ఈపొద్దే," అన్నాను నేను. కోడలు మధ్యలో మాట్లాడకూడదు గానీ, చెట్లకు అంత తీరిక లేదు. లోపలికి వెళ్ళి, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను.

పైపు కోసం కాలువ ఎక్కడ తవ్వాలో ఆ సాయంత్రం ఆయనే తన చేలో కాలితో గీసి చూపించాడు. చెట్లు పన్నెండు పోయాయి, మిగతావి నిలబడ్డాయి.

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా అత్త వంటింట్లోంచే చెబుతుంది, "కూచ్చోండప్పా, డికాషన్ ఇంకా దిగలేదు" అని. దిగి ఉన్నా అదే చెబుతుంది.