వంటగది కాస్త చీకటి

ఇరవై రెండేళ్ళలో గున్నెల్ మూడొందల పైచిలుకు ఇళ్ళు చూసింది. ఒక్కటీ కొనలేదు. కొనే ఉద్దేశం ఏనాడూ లేదు కూడా. మా ఊరు కార్ల్‌స్టాడ్‌లో ఆదివారం మధ్యాహ్నం అమ్మకానికి పెట్టిన ఇళ్ళ తలుపులు బార్లా తెరిచి ఉంచుతారు. ఎవరైనా పోవచ్చు. బూట్ల మీద నీలం ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, గుమ్మం దగ్గర కాగితం మీద పేరూ ఫోన్ నంబరూ రాసి, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా గదిగదీ తిరగొచ్చు. ఇల్లు గలవాళ్ళు మాత్రం ఆ కాసేపూ ఇంట్లో కనబడకూడదు, అది మర్యాద కాదు. సోమవారం పొద్దున ఏజెంటు ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, ఇల్లెలా ఉందని. గున్నెల్ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "ఇల్లు చాలా బాగుందండీ. వంటగదే కాస్త చీకటి."

శుద్ధ అబద్ధం. కానీ దానివల్ల ఎవరి మనసూ నొచ్చుకోదు, ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. ఊరు ఊరంతా ఆడే అబద్ధమే అది, ఆమె ఒక్కతినీ అని ఏం లాభం.

ఈ పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. పెద్ద వీధిలో కర్టెన్లు అమ్మే దుకాణంలో ఇరవై ఆరేళ్ళు కుట్టుపని చేసింది. కొలతలకు ఇంటింటికీ ఆమెనే పంపేవారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పడకగదిలో స్టూలెక్కి, కిటికీకి టేపు పట్టి, అంకెలు రాసుకుంటూ బయటికి చూసేది. ఒక కిటికీలోంచి ఆపిల్ చెట్టు కనబడేది, ఒకదాంట్లోంచి పక్కింటివాళ్ళ పిల్లి, ఇంకోదాంట్లోంచి వట్టి మబ్బు. నేనే ఈ ఇంట్లో ఉంటే, అనుకునేది. పొద్దున లేచి ఈ మబ్బునే చూస్తాను కాబోలు. ఇక్కడే కూర్చుని ఉత్తరాలు చదువుకుంటాను కాబోలు. టేపు చేతిలోంచి జారి కింద పడేదాకా అలాగే ఉండిపోయేది. తర్వాత దుకాణం మూతపడింది, ఆ కిటికీలన్నీ ఒక్కసారిగా దూరమైపోయాయి. అప్పుడు దొరికాయి ఆమెకు ఈ ఆదివారాలు.

భర్త రోల్ఫ్ కారులో తీసుకెళ్ళేవాడు, లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. వడ్రంగి అతను, ఇంకొకడు చేసిన తలుపులు చూస్తే చెయ్యి ఊరుకోదని భయం. ఫ్లాస్కులో కాఫీ, ఒళ్ళో పేపరు పెట్టుకుని వీధిలోనే కూర్చునేవాడు. ఆమె తిరిగి రాగానే అద్దం దించి అడిగేవాడు, "ఏమోయ్, కొన్నామా?"

"లేదు. వంటగది చీకటి."

"మళ్ళీనా. పాపం, ఈ ఊళ్ళో వెలుగున్న వంటగది కట్టినవాడే లేడన్నమాట."

ఇంటికి చేరేదాకా ఆమె చెబుతూనే ఉండేది: ఆ ఇంట్లో తామిద్దరూ ఎక్కడ పడుకునేవాళ్ళో, బల్ల ఏ మూల వేసేవాళ్ళో, చలికాలం ఏ గదిలో గడిపేవాళ్ళో. రోల్ఫ్ వింటూ, మధ్యలో "ఆ బల్ల అక్కడ పట్టదు" అని మాత్రం అనేవాడు. అలా ఆ ఇద్దరూ సొంత ఇల్లు కదలకుండానే ఊళ్ళో సగం ఇళ్ళల్లో కాపురం చేశారు.

నాలుగేళ్ళ కిందట నవంబరులో రోల్ఫ్ పోయాడు. గుండె. గున్నెల్ మళ్ళీ ఆదివారాలు మొదలుపెట్టింది కానీ, బయటికొచ్చి కారెక్కితే అడిగే మనిషి లేడు. చూసిన ఇల్లు ఆమె మనసులోనే చల్లారిపోయేది.

ఈ ఏప్రిల్‌లో ఏం జరిగిందంటే, నది ఒడ్డున నాలుగో అంతస్తులో ఒక చిన్న ఫ్లాట్ చూసింది. కిటికీ అరుగు మీద కూర్చుంది. కింద క్లార్ నది మంచు కరిగిన నీళ్ళతో నిండుగా, తొందరేమీ లేకుండా పోతోంది. ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు, ఏజెంటు లైట్లు ఆర్పుతుంటే లేచింది. మర్నాడు ఫోన్ వచ్చినప్పుడు అలవాటైన మాట నోటిదాకా వచ్చి ఇరుక్కుపోయింది. ఆ ఫ్లాట్‌కి అసలు వేరే వంటగదే లేదు. ఉన్న ఒక్క గదిలోనే ఓ మూల పొయ్యి. చీకటి అనడానికి వీల్లేక నిజం చెప్పేసింది, నచ్చిందని. వేలం పాట మొదలైంది, ఫోన్‌లో అంకెలు రావడం, ఆమె వేలు ఇంకో అంకె నొక్కడం, రెండు రోజుల్లో ఫ్లాట్ ఆమెదైపోయింది. సంతకం పెట్టి వచ్చి కారులో కూర్చుంది. పక్క సీటు వైపు చూసింది. కొన్నాం అన్న మాట అరవై ఎనిమిదేళ్ళ మనిషికి గొంతు దాకా వచ్చింది, అడిగేవాడు లేడు. చాలాసేపు ఏడ్చింది.

ఇల్లు అమ్మకుండా ఇల్లు కొనడమేమిటని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. మావాళ్ళు అంతే. ముందు మనసు పడతారు, తర్వాత లెక్క చూసుకుంటారు. మే నెల దాటేలోగా పాత ఇల్లు అమ్ముడుపోకపోతే బ్యాంకు ఒప్పుకోదు, నది చేజారిపోతుంది. ఆమెకు ఫ్లాట్ అంటే నదే.

అమ్మే పని అన్నెలీ చేతిలో పెట్టింది. అన్నెలీ ముప్పై అయిదేళ్ళ చురుకైన ఏజెంటు.

"ఆ ఆదివారం చూపులు మాత్రం నా ఇంటికి వద్దమ్మాయ్," అంది గున్నెల్.

"అదేంటండీ? మనిషి లోపలికి రాకుండా ఇల్లెలా కొంటారు?"

"వచ్చేదెవరో నాకు తెలీదా? నేనే. నాలాంటివాళ్ళే ఓ ముప్పై మంది. కాఫీ తాగుతారు, అలమరాలు తీసి చూస్తారు, నిట్టూరుస్తారు, సోమవారం నీతో వంటగది చీకటి అంటారు. ఆ భాగ్యానికి నేను కిటికీలన్నీ తుడుచుకోవాలా?"

"ఆ మాట మీరు నాతో కూడా అన్నారు. మూడు ఇళ్ళకి. రాసిపెట్టుకున్నా."

గున్నెల్ మొహం ఎర్రబడింది.

"అయినా ఆ ఫ్లాట్ మీరు ఎలా చూశారు? ఆదివారం చూపుల్లోనే కదా?"

"అది వేరు."

"ప్రతివాళ్ళకీ అది వేరే గున్నెల్ గారూ. ముప్పై మందిలో ఒక్కరికి వేరైతే నాకు చాలు. ఒక్క ఆదివారం ఇవ్వండి. కుదరకపోతే మళ్ళీ అడగను."

ఒక్క ఆదివారం అంటే ఒక్కటే ఆదివారం. మే అప్పటికే సగమైంది.

ఇల్లు సర్దడానికి అన్నెలీ పంపిన మనిషి రోల్ఫ్ ఫొటోలు పెట్టెలో పెట్టేసింది, అది సరే. వంటింటి కిటికీకి గున్నెల్ తన చేత్తో కుట్టిన పసుపుపచ్చ కర్టెన్లు తీసేసి, బూడిద రంగు గుడ్డ వేలాడదీసింది. ఇప్పుడిదే ఫ్యాషన్ అంది. గున్నెల్ పళ్ళు కొరుక్కుంది. నది కోసం ఓర్చుకుంది.

ఆదివారం పొద్దున్నే దాల్చినచెక్క బన్నులు కాల్చి, ఒంటిగంటకు ఇంట్లోంచి బయటపడి, కారు వీధి చివర ఆపి ఫ్లాస్కుతో కూర్చుంది. జనం వస్తూనే ఉన్నారు. ఎదురుగా ఒక నీలం కారు ఆగింది. ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకున్న అమ్మాయి దిగి ఇంట్లోకి వెళ్ళింది. మొగుడు దిగలేదు. వెనక సీట్లో పసిపిల్ల నిద్రపోతోంది, లేస్తుందేమోనని కదలకుండా కూర్చున్నాడు. గున్నెల్ అతన్నే చూస్తూ ఉండిపోయింది.

పావుగంట ఓపిక పట్టింది. ఆ తర్వాత కాలు నిలవలేదు. వెళ్ళి తన గుమ్మంలోనే నీలం సంచులు తొడుక్కుంది. చెయ్యి తనంతట తానే కాగితం మీద పేరూ నంబరూ రాసేసింది. అన్నెలీ మేడ మీద ఎవరితోనో మాట్లాడుతోంది, చూడలేదు.

లోపల అంతా కలలోలా ఉంది. ప్లాస్టిక్ కాళ్ళు గుసగుసలాడుతూ తిరుగుతున్నాయి. ఎవరో గోడ మీద తట్టి చూస్తున్నారు, ఎవరో ఆమె దుప్పట్ల అలమరా తెరిచి మెల్లగా మూశారు. బన్నుల వాసన పరాయి ఇంటి వాసనలా తగిలింది. ముందుగదిలోకి తొంగిచూసి గున్నెల్, ఈ ఇంట్లో నేనుంటే ఆ కుర్చీ కిటికీ పక్కకు లాక్కుంటాను, అనుకుంది. ఆ కుర్చీ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కిటికీ పక్కనే ఉండేది, సర్దిన మనిషి జరిపేసింది. ఆ సంగతి గుర్తొచ్చేసరికి ఆమె ముందుగది దాటి వంటింట్లోకి వచ్చేసింది.

ఆకుపచ్చ స్వెట్టర్ అమ్మాయి అక్కడే ఉంది. అలమరాలు తీయడం లేదు, కొలతలు తీసుకోవడం లేదు. కిటికీ దగ్గర ఊరికే నిలబడింది. ఆ నిలబడటం గున్నెల్‌కి బాగా తెలుసు. చేతిలో టేపొక్కటే తక్కువ.

"మీకూ నచ్చిందా అండీ?" అంది ఆ అమ్మాయి.

"చూస్తున్నానమ్మా," అంది గున్నెల్.

"బల్ల ఇక్కడ వేసుకోవాలని ఉంది నాకు. కానీ..." అమ్మాయి బూడిద రంగు కర్టెన్ వైపు చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయింది. గున్నెల్ కిటికీలోంచి చూసింది. నీలం కారు అద్దం దిగింది, అతనేదో అడిగాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. ఏమడిగి ఉంటాడో గున్నెల్‌కి వినబడనక్కర్లేదు.

సోమవారం తొమ్మిదింటికి ఫోన్ మోగింది. ఏజెంటు ఆఫీసులో అందరికీ వరసగా ఫోన్లు చేసే బెర్టిల్ అనే పెద్దమనిషి. కాగితంలో పేర్లు చూసుకుంటూ పోతున్నాడు, ఆ పేరు ఇంటావిడదేనని గమనించలేదు.

"నిన్న ఇల్లు చూశారు కదండీ. ఎలా అనిపించింది?"

"చాలా బాగుందండీ. వంటగదే కాస్త..." అనేసింది గున్నెల్, ఇరవై రెండేళ్ళ అలవాటు మరి.

"చీకటి. రాసుకున్నా. మీతో ఆరుగురు. అయిదుగురిది ఊరికే మాటవరసకిలెండి, ఒకమ్మాయి మాత్రం నిజంగా బాధపడింది. మోవా అని. ఇల్లంతా నచ్చిందిట. చంటిపిల్లతో రోజంతా వంటగదిలోనే ఉండాలి, ఆ చీకట్లో ఉండలేనండీ అంది. ఆమె తప్ప ఇంకెవరూ లేరు పాపం ఆ ఇంటికి."

గున్నెల్ అప్పుడు ఆ వంటగదిలోనే కూర్చుని ఉంది. బల్ల సగం మీద ఎండ. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. అక్కడ ఒకప్పుడు గోడే ఉండేది. పెళ్ళైన రెండో ఏడు రోల్ఫ్ రెండు రోజులు సుత్తి పట్టుకుని తూర్పు గోడ కొట్టి కిటికీ పెట్టాడు, వెలుగున్న వంటగది ఒక్కటైనా ఉండాలి నీకు అని. తూర్పు కిటికీ మధ్యాహ్నం ఒంటిగంటకు ఏం చూపిస్తుంది? తను చీకటని పేరు పెట్టిన మూడొందల వంటగదులనూ తను చూసింది మధ్యాహ్నమే కదా అనిపించి గున్నెల్‌కి సిగ్గేసింది.

"కొట్టేయండి," అంది.

"ఏంటండీ?"

"రాసింది కొట్టేయండి. చీకటి కాదు. పొద్దున ఆరున్నరకి ఎండ సరిగ్గా బల్ల మీదికొస్తుంది, పదింటిదాకా ఉంటుంది. ఆ కిటికీ మా ఆయన పెట్టాడు. ఆ ఇల్లు నాదే."

"మరి పేరెందుకు రాశారండీ?"

"చేతికి అలవాటు. ఆ అమ్మాయిని రేపు పొద్దున ఏడింటికి రమ్మనండి."

"ఇంటివాళ్ళుండగా చూపించమండీ మేము."

"నేనుంటాను. మీ పద్ధతి తర్వాత చూసుకుందాం."

ఆ రాత్రే బూడిద రంగు గుడ్డ పీకేసి పసుపు కర్టెన్లు తగిలించింది. చెప్పాల్సిన మాటలన్నీ పడుకుని మననం చేసుకుంది. ఈ ఒక్క పిల్ల కాదంటే ఇక నది లేదు.

మోవా ఏడింటికి వచ్చింది, జుట్టు కూడా దువ్వుకోలేదు. బూట్లు విప్పి వంటింట్లోకి అడుగుపెట్టి ఆగిపోయింది. కర్టెన్లలోంచి ఎండ పసుపుపచ్చగా బల్ల మీద పరుచుకుని ఉంది. ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు అరచేతులూ బల్ల మీద పెట్టింది. గున్నెల్ మననం చేసుకున్న మాటలన్నీ మరిచిపోయి కాఫీ పోసింది.

"ఈ కర్టెన్లు ఆదివారం లేవు కదా," అంది మోవా.

"దాచేశారు."

"ఇల్లు అమ్మాక తీసుకెళ్ళిపోతారా?"

"ఈ కిటికీ కొలతకి కుట్టినవమ్మా. ఇంకెక్కడా పట్టవు."

మోవా లేచి మేజోళ్ళతోనే బయటికి నడిచింది. సంతకాలు శుక్రవారం అయ్యాయి, చూపులు దండగన్న మాట వెనక్కి తీసుకోమని అన్నెలీ ఆటపట్టించింది, అదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున గున్నెల్ కిటికీ కొద్దిగా తెరిచి నిలబడింది. నీలం కారు అద్దం దిగింది.

"ఏంటి, కొన్నామా?"

"కొన్నాం," అంది మోవా. "గట్టిగా మాట్లాడకు, పాప లేస్తుంది."

గున్నెల్ కిటికీ మూసింది. తర్వాత వెనక్కి తిరిగి, బల్లకు అవతల ఎండలో ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"మనమూ కొన్నాం రోల్ఫ్," అంది. "దానికి వంటగదే లేదు."