మా నాన్న పేరు మీది లైసెన్సు

మొన్న గద్వాల నుంచి మా దూరపు బంధువొకడు వచ్చి, పురుగుమందుల దుకాణం పెడతానని, వ్యవసాయ డిగ్రీ చదివినవాళ్ళ సర్టిఫికెట్ ఎక్కడైనా కిరాయికి దొరుకుతుందా అని అడిగాడు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. ముసలితనపు కోపం అనుకుని ఉంటాడు.

భూములు పోయి, మా దొరల కోటలాంటి గడి కూలాక మా నాన్న పెద్దమందడిలో పెట్టింది ఆ దుకాణమే. ఆయన పోయాక, ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలుగిరీ తండ్రి నుంచి కొడుక్కు వచ్చినట్టే లైసెన్సూ వస్తుందని నమ్మి, నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఒకరి దగ్గరికి వెళ్ళి దరఖాస్తు పెట్టుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

పత్తికి కాయతొలుచు పురుగు పడ్డ రోజుల్లో, దుకాణం నిండా రైతులుండగా, వ్యవసాయ అధికారి వచ్చి గోడ మీది కాగితం చదివాడు.

“ఈయన ఏడి?”

దండ వేసిన ఫొటో చూపించాను.

“పెద్దమనిషీ, లైసెన్సు మనిషికిస్తరు, ఇంటికి గాదు,” అని ఆయన అక్కడికక్కడే అమ్మకం ఆపమని కాగితం రాశాడు. నా పేరు మీద కొత్తది కావాలంటే వ్యవసాయమో రసాయనశాస్త్రమో చదివినవాళ్ళు దుకాణంలో ఉండాలట. నేను చదివింది చరిత్ర. “మరి పురుగు ఆగుతదా సార్, మీ కాగితమొచ్చేదాంక?” అని ఒక రైతు గొణిగి పక్క దుకాణానికి నడిచాడు. అతని వెనుక మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. ఆ పంటకాలం దాటితే వాళ్ళు మళ్ళీ మా గడప తొక్కరని, ఆ దుకాణం పోతే అమ్మకూ నాకూ ఇంటిపేరు తప్ప ఏమీ మిగలదని నాకు అప్పుడే అర్థమైంది.

మా దగ్గర ముప్ఫై ఏళ్ళు జీతం చేసిన మనిషి కూతురు వ్యవసాయ డిగ్రీ చదివిందని అమ్మ చెప్పింది. రెండు రోజులు విననట్టు తిరిగాను. మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి ఖిల్లా ఘణపూర్ వెళ్ళాను. అన్నేళ్ళూ అతను మా వాకిట్లోనే ఉన్నా, అతని ఇల్లు ఏ వీధిలో ఉందో నాకు తెలియదు. ఇద్దరు ముగ్గురిని అడిగి కనుక్కున్నాను. అతను కంగారుగా లేచి కుర్చీని తుండుతో తుడిచి వేశాడు. కూర్చున్నాను.

“ఏం పని మీద వచ్చిండ్రు సార్?” అన్నది ఆ అమ్మాయి.

సర్టిఫికెట్ కావాలన్నాను. ఆ మాట నా నోట ఆజ్ఞలాగే వచ్చింది. తండ్రి తలూపుతూ, “దొరా, గంత దూరం మీరెందుకొచ్చిండ్రు, కబురంపితే నేనే తెస్తుంటి గదా,” అన్నాడు.

“నువ్వాగు నాయినా, ఆయన్ని అడగనియ్యి,” అన్నది ఆమె. గొంతులో కోపం లేదు. చూపు మాత్రం నా ముఖం మీంచి తిప్పలేదు.

లేచి వెళ్ళిపోదామనే అనుకున్నాను. చెప్పులు వాకిట్లో ఉన్నాయి, నాలుగడుగుల దూరం. అవతల మూతపడ్డ దుకాణం, ఇంట్లో అమ్మ. నిలబడి, “సాయం చెయ్యమ్మా,” అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఒకరిని అడగడం అదే మొదటిసారి.

“ఉత్త కాగితం గోడకు తగిలియ్యనీకె ఇయ్య సార్. నేనొస్త, కూసుంట. చేను సంగతి అడగకుండ ఒక్క డబ్బా గూడ బయటికి పోనియ్య. గట్లయితేనే.”

ఒప్పుకున్నాను. కొత్త లైసెన్సు చేతికొచ్చేసరికి పత్తి సగం పోయింది, రైతులు సగం మందే తిరిగొచ్చారు. వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని, పురుగు పట్టిన కాయలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేవాళ్ళు. మొదట్లో అది ముల్లులా గుచ్చుకునేది. కొన్నాళ్ళకు ఆమె ఏం చెబుతుందో వినడానికి నేనూ కుర్చీ దగ్గరికి జరుపుకునేవాణ్ణి.

ఇప్పుడు దుకాణం లేదు. నన్ను దొరా అని పిలిచేవాళ్ళూ లేరు, ఆ పిలుపు కోసం చెవి ఇంకా వెతుక్కోదని చెబితే అబద్ధమవుతుంది. కానీ మా ముందు తరం వాళ్ళు ఎవరి గడపలోనూ నిలబడి సాయం చెయ్యమని అడగకుండానే వెళ్ళిపోయారు. అది వాళ్ళ గొప్పతనమని చాలాకాలం అనుకున్నాను. ఈమధ్య వాళ్ళను తలుచుకుంటే జాలేస్తున్నది.