ముగ్గురం జాలిపడ్డాం

మొన్న ఆదివారం పలాసలో నేనొక బాక్సింగ్ ఛాంపియన్‌ని ఓడించాను. చెయ్యెత్తలేదు, గ్లవ్స్ తొడగలేదు. కుర్చీలో కూర్చుని పెన్నుతో ఓడించాను. టీ తాగుతూ వినండి, నవ్వు మాత్రం చివరిదాకా దాచుకోండి.

నా సంగతి మీకు తెలిసిందే. టెక్కలిలో ఆఫీసు గుమాస్తాని, ఫైళ్ళకంటే ఒలింపిక్ బాక్సింగ్ మీద ఎక్కువ పట్టున్నవాణ్ణి. పట్టంటే, జీవితంలో ఒక్క గుద్దు గుద్దింది లేదు, తిన్నదీ లేదు. అన్నీ ఫోన్లో చూసినవే. అయినా ఎవడైనా దొరికితే చాలు, క్లాసు పీకుతాను. ఒక మహా బాక్సర్ నల్లవాడని తనకి హోటల్లో తిండి పెట్టలేదన్న కోపంతో ఒలింపిక్ బంగారు పతకాన్ని నదిలోకి విసిరేశాడంటారు. కాదు, ఎక్కడో పారేసుకున్నాడు, కథ తర్వాత అల్లారు అని ఇంకొందరంటారు. నేను రెండు వైపులా ఒకేరోజు వాదించగలను.

అన్నిటికంటే నాకిష్టమైన కేసు సియోల్ ఒలింపిక్స్ ఫైనల్. అమెరికా కుర్రాడు కొరియా కుర్రాణ్ణి మూడు రౌండ్లూ చితక్కొట్టాడు. తీరా చూస్తే ముగ్గురు జడ్జీలు దెబ్బలు తిన్నవాడికి వేశారు, ఇద్దరు కొట్టినవాడికి వేశారు. పైగా ఓడిపోయినవాడికే ఆ ఆటల్లో మేటి బాక్సర్ బహుమతి ఇచ్చారు. అంటే ఏటనుకోవాలి? డబ్బు తిన్నారని కొందరు, రుజువు కాలేదని కొందరు. ఆ జడ్జీల్లో ఒకాయన తర్వాత చెప్పాడంటున్న మాట నాకు కంఠతా వచ్చు. మిగతావాళ్ళు ఎలాగూ అమెరికా కుర్రాడికే వేస్తారు కదా, సొంతగడ్డ మీద ఆ పిల్లాడి పరువు పోకుండా నేనొక్కణ్ణీ వాడికి వేశాను అన్నాట్ట. పదేళ్ళుగా ఆ పెద్దమనిషిని నేను వెక్కిరించని రోజు లేదు.

మా ఆవిడ తమ్ముడు కూర్మారావు పలాసలో ఆడపిల్లలకి బాక్సింగ్ నేర్పుతాడు. మొన్న వాళ్ళ క్లబ్బు పోటీ పెట్టింది. ఫైనల్ గెలిచినమ్మాయిని విశాఖలో ట్రైనింగుకి పంపుతారు. ఉన్నది ఒక్కటే సీటు. ఆదివారం పొద్దున్నే వాడు ఫోన్ చేశాడు, రావాల్సిన జడ్జీ రాలేదట.

"బావా, రోజూ ఒలింపిక్ జడ్జీలకి వంకలు పెడతావు గదా, ఈ ఒక్క పూటా ఒచ్చి కూకోరాదా?"

ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వెళ్ళాను. నాతోపాటు ఇంకో ఇద్దరు జడ్జీలు. ఒకరు మందస నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టారు, ఒకరు కోటబొమ్మాళి పాత కబడ్డీ ప్లేయరు. పని తేలికే. ఎవరు గెలిచారో చీటీ మీద ఎరుపనో నీలమనో రాసి, మడిచి ఇవ్వాలి. ఒకరిది ఒకరు చూడకూడదు.

ఎరుపు మూల హారిక, పలాస పిల్ల. వాళ్ళ నాన్నకి జీడిపప్పు వ్యాపారం, హాల్లో సగం కుర్చీలు వాళ్ళ చుట్టాలవే. ఆయన వచ్చినవాళ్ళందరికీ, జడ్జీలతో సహా, తలో పొట్లం జీడిపప్పు పంచాడు. నీలం మూల ధనలక్ష్మి, బారువ పిల్ల. వాళ్ళమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఈ అమ్మాయి ఒక్కతే బస్సెక్కి వచ్చింది.

గంట కొట్టగానే ధనలక్ష్మి మొదలెట్టింది. హారిక ఒకటి విసిరేలోపు ఈ అమ్మాయివి మూడు తగిలేవి. మూడు రౌండ్లూ ఉతికి ఆరేసింది. చుట్టాలు జీడిపప్పు నమలడం ఆపేశారు. హారిక వాళ్ళమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

నేను చీటీ మీద 'నీ' అని రాసేశాను కూడా. అప్పుడు తలెత్తి ఆవిణ్ణి చూశాను. పాపం, సొంత ఊళ్ళో, చుట్టాలందరి ముందూ మూడు సున్నా అంటే ఏం బాగుంటుంది? మిగతా ఇద్దరికీ కళ్ళున్నాయి కదా, నీలమే రాస్తారు. నాదొక్కటి ఎరుపైతే ఎవరి కొంప మునుగుతుంది? 'నీ' కొట్టేసి 'ఎరుపు' అని రాశాను. కింద గుండ్రంగా సంతకం పెట్టాను.

కూర్మారావు మొదటి చీటీ విప్పాడు. రెండోది విప్పాడు. మూడోది విప్పి, మళ్ళీ మొదటిది చూశాడు. మూడుకి మూడూ ఎరుపే అని మైకులో చెప్పాడు, చావు కబురు చెప్పినట్టు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, హారిక వాళ్ళ నాన్న కూడా. రిఫరీ హారిక చెయ్యెత్తబోతే ఆ పిల్లే సగంలో దించేసుకుంది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏమీ అడగక్కర్లేకపోయింది. వాళ్ళిద్దరూ కూడా జాలిపడ్డారు. ఒకరి కళ్ళమీద ఒకరికి అంత నమ్మకం.

నోరు మూసుకుని టెక్కలి బస్సెక్కేసేవాణ్ణే. ఈలోగా ధనలక్ష్మి వచ్చింది. ఏడవలేదు, గొడవ పెట్టుకోలేదు. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి సార్, దిద్దుకుంటాను అంది. అప్పుడైనా నిజం చెప్పచ్చు కదా? లేదు, నాలోని నిపుణుడు నిద్రలేచాడు. మొహానికి అడ్డం పెట్టే గార్డు బాగా కిందకి దించేస్తున్నావమ్మా, అక్కడే దెబ్బతిన్నావు అన్నాను. బుద్ధిగా తలూపి, దండం పెట్టి వెళ్ళింది. నిజంగా సిగ్గేసింది.

ఐదు నిమిషాల్లో మళ్ళీ వచ్చింది. మిగతా ఇద్దర్నీ కూడా అడిగిందట.

"గార్డు దించీసానని మీరన్నారు. మాస్టారు మరీ పైకెత్తీసానన్నారు. ఆ మూడో సార్ కాళ్ళు కదపనేదంతన్నారు. నిజం సెప్పండి సార్, నా ఫైటు మీరు ముగ్గురూ సూసారా?"

ఇంక దాచలేకపోయాను. నువ్వే గెలిచావమ్మా, మిగతావాళ్ళు ఎలాగూ నీకే వేస్తారు కదా, సొంత ఊళ్ళో ఆ పిల్ల పరువు పోకుండా నేనొక్కణ్ణీ అటు వేశాను అని చెప్పేశాను. పదేళ్ళుగా వెక్కిరించిన మాట, పొల్లుపోకుండా నా నోట్లోంచే వచ్చింది.

అమ్మాయి నన్ను పైనుంచి కిందదాకా చూసింది.

"నాకు సెప్తే నానేటి సేసుకుంతాను సార్? ఇశాపట్నం సీటు ఎల్లిపోనాది. మైకులో సెప్పండి."

మైకులో చెప్పాను. ఒలింపిక్ జడ్జీల మీద ఇన్నేళ్ళుగా నేనిచ్చిన ఉపన్యాసాలన్నిట్లోకీ అదే చిన్నది. వెనక వరసలోంచి ఒకాయన "జాలా, జీడిపప్పా మావా?" అని అడిగాడు. చేతిలో పొట్లం అప్పటికే సగం ఖాళీ. ఇంక పలాసలో ఒక మాట, మందసలో ఒక మాట చెప్పుకుంటారు. తేలని కేసుల్లో నాదీ ఒకటైపోయింది.

మాస్టారూ, కబడ్డీ ఆయనా కూడా లేచి ఒప్పుకున్నారు. ముగ్గురం కొత్త చీటీల మీద 'నీలం' అని రాసి సంతకాలు పెట్టాం. హారిక ఎవరూ అడక్కుండానే అప్పటికే తన మెళ్ళో వేసిన పతకం తీసి ధనలక్ష్మికి వేసేసింది. ఆ రోజు మొత్తంలో సరైన తీర్పు ఇచ్చింది ఆ పిల్లొక్కతే. విశాఖ సీటు బారువకి వెళ్ళింది.

హమ్మయ్య అని జారుకోబోతే కూర్మారావు ఆపాడు. జడ్జీలకి సన్మానం ఉందట. ఇంకా సన్మానమేమిట్రా అంటే, శాలువాలు కొనేశాం, షాపువాడు వెనక్కి తీసుకోడు అన్నాడు. ముగ్గుర్నీ స్టేజీ మీద వరసగా కూర్చోబెట్టారు. కప్పేది ఛాంపియనట.

ధనలక్ష్మి వచ్చి నాకు శాలువా కప్పింది. భుజాల మీద జాగ్రత్తగా సర్ది, చెవి దగ్గర మెల్లిగా అంది.

"ఉంచుకోండి సార్. పాపం, పొద్దుట్నించీ మీరూ కట్టపడ్డారు గదా."

హాలంతా చప్పట్లు కొట్టింది. నా జీవితంలో నాకు జరిగిన మొట్టమొదటి సన్మానం అది. జాలిపడి చేశారు, అదీ ఏకగ్రీవంగా.